గుమ్మి వెనక మా అన్న

మా ఇంట్లో ఒక పోలీసు కథ ఉంది. ఏ పెళ్ళికి పోయినా, భోజనాలయ్యాక నలుగురూ ఒక చోట చేరగానే ఎవరో ఒకరు మా అమ్మను గిల్లుతారు. "వదినా, గా జమేదారు ముచ్చట జెప్పరాదు" అంటారు. అమ్మ కాసేపు బెట్టు చేసి, కొంగు సర్దుకుని మొదలుపెడుతుంది. మొన్న జనగామలో మా మేనమామ మనవరాలి పెళ్ళిలో కూడా చెప్పింది. జనం కడుపుబ్బ నవ్వారు. వడ్ల గుమ్మి వెనక నుంచి మా అన్న తలనిండా పొట్టుతో బయటికి వచ్చే చోట కథ అయిపోతుంది. అన్న కూడా పక్కనే కూర్చుని నవ్వుతాడు. నేను మాత్రం విస్తరాకులు ఎత్తే నెపంతో లేచిపోతాను. ఎందుకంటే ఆ కథ అక్కడ అయిపోలేదు. మిగతా సగం మా ఇంట్లో నలుగురికే తెలుసు. నాయిన పోయాక ముగ్గురం మిగిలాం. ఆ ముగ్గురిలో చెప్పవలసింది నేనే.

తెలంగాణ కావాలని ఊళ్ళన్నీ రోడ్ల మీదికి వచ్చిన రోజులవి. మాది మానుకోట నుంచి నెల్లికుదురు పోయే దారిలో లోపలికి ఉన్న ఊరు. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వండుకుని తిన్నాం, రోడ్డు మీదే బతుకమ్మ ఆడాం. నేను డిగ్రీ రెండో ఏడు. అన్న జనగామలో గది తీసుకుని ఉద్యోగ పరీక్షలకు చదివేవాడు. ఉద్యమంలో ఏ పిలుపు వచ్చినా పుస్తకం మూసి బస్సెక్కి వచ్చేవాడు. ఒకసారి రైలు రోకోకు మా ఊరి నుంచి ఇరవై మంది దాకా పోయారు. పట్టాల మీద కూర్చున్నారు. పోలీసులు తరిమారు, రాళ్ళు పడ్డాయి, ఒక కానిస్టేబుల్ తల పగిలింది. కేసులో ఐదుగురి పేర్లు రాసి, చివర "మరికొందరు" అని రాసి వదిలేశారు. ఆ మరికొందరిలో మా అన్న ఉన్నాడు. రాయి ఎవరు వేశారో నాకు తెలియదు. అన్నను నేను ఎప్పుడూ అడగలేదు, తనూ చెప్పలేదు.

పోలీసులు ఇంటికొస్తే ఏం చేయాలో మా ఊళ్ళో ఎవరికీ నేర్పనక్కర్లేదు. మా అమ్మమ్మ కాలంలో అడవిలో ఉన్న వాళ్ళ కోసం వచ్చేవారు, మా కాలంలో తెలంగాణ కోసం వచ్చారు. వచ్చేది ఎవరి కోసమైనా ఇంట్లో ఆడవాళ్ళ పని ఒకటే. ముందు దండెం మీదున్న ప్యాంట్లు మాయం కావాలి, ఎందుకంటే పోలీసువాడు గుమ్మంలోకి వచ్చి మొదట చూసేది దండేన్నే. తర్వాత చెప్పులు. తర్వాత గోడ మీద ఫోటో. అడిగితే చెప్పవలసిన మాట ఊరంతటికీ ఒక్కటే, "భీవండి పోయిండు." మా ఊరి మగవాళ్ళు సగం మంది నిజంగానే భీవండిలో మరమగ్గాల మీద ఉండేవారు కాబట్టి మిగతా సగాన్ని కూడా అక్కడికే పంపేవాళ్ళం.

ఈ పనిలో మాకు కుడిభుజం పక్కింటి అత్త. చుట్టం కాదు, వరుస కలిపి అత్త అంటాం. మొగుడు పోయిన మనిషి, కూలికి పోయి ఒక్క కొడుకును సాకింది. మా రెండిళ్ళకూ మధ్య నడుమెత్తు గోడ. ఆమె కొడుకు నాకు వరుసకు బావ కాబట్టి వాడకట్టంతా ఆ వరుస పట్టుకుని నన్ను ఆటపట్టించేది, నాకు ఒళ్ళు మండేది. అతనికి మిలిటరీ పిచ్చి. తెల్లవారుజామునా సాయంత్రమూ నెల్లికుదురు రోడ్డు మీద పరిగెత్తేవాడు. రైలు రోకో నాడు కూడా పట్టాల మీద ఒక గంట కూర్చుని, పరుగు టైమైందని రాళ్ళు పడకముందే వచ్చేశాడు. ఈ సంగతి నాకు బాగా తెలుసు, ఎందుకంటే చెమటలు కక్కుతూ వచ్చి మా ఇంట్లోనే మంచినీళ్ళు తాగాడు.

ఆ జమేదారు, అంటే ఠాణాలో హెడ్ కానిస్టేబుల్, వచ్చింది ఒక పొద్దున పదకొండింటికి. వాకిలంతా మిరపకాయలు పోసి ఉన్నాయి. అమ్మా నేనూ తొడిమలు తీస్తున్నాం. నాయిన చేలో ఉన్నాడు. అన్న మిరప కోతకని ముందురోజే జనగామ నుంచి వచ్చి లోపల పడుకుని ఉన్నాడు. సందు మొదట్లో మోటారుసైకిల్ ఆగిన చప్పుడు అయిందో లేదో, అత్త గోడ మీదుగా వంగి మా దండెం మీది ప్యాంటు, బనీను లాగేసి తన ఇంట్లోకి విసిరింది. నేను ఫోటో తీసి బియ్యం డబ్బాలో పెట్టాను. అన్న గుమ్మి వెనక్కి దూరాడు. ఇదంతా మేం ఊపిరి తీసినంత సులువుగా చేశాం. నాకైతే లోలోపల గర్వంగా కూడా ఉంది.

వచ్చింది ఒక్కడే. రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మనిషి, చంకలో ఫైలు. మిరప ఘాటుకు నాలుగు తుమ్ములు తుమ్మి, కుర్చీలో కూలబడి నీళ్ళడిగాడు. అన్న పేరు, నాయిన పేరు చదివి, "గీ పిలగాడు గీ ఇంట్లనే ఉంటడా?" అని అడిగాడు. ఎందుకడుగుతున్నాడో చెప్పలేదు. చెప్పడం వాళ్ళకు అలవాటు లేదు, అడగడం మాకు అలవాటు లేదు.

"యాడుంటడు సారు, భీవండి పాయె. మూడేండ్లాయె" అంది అమ్మ, చేతిలో పని ఆపకుండా.

"వస్తడా మరి, పండుగకు పబ్బానికి?"

"ఎందుకొస్తడు సారు. ఆడనే ఎవతెనో మరాఠిదాన్ని చేసుకున్నడట. పిలగాడు గూడ పుట్టిండట. మాకు చెప్పిండా, పెట్టిండా" అని అమ్మ కళ్ళు ఒత్తుకుంది. మిరప చేత్తో ఒత్తుకుంది కాబట్టి నీళ్ళు నిజంగానే ధారగా కారాయి.

జమేదారు పాపం అన్నట్టు తలూపి రాసుకున్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "ఏం బిడ్డా, మీ అన్న నడవడిక ఎట్లుంటది?" అన్నాడు.

నేను చదువుకున్నదాన్ని కదా, అమ్మకంటే ఒక మెట్టు పైకి పోవాలనుకున్నాను. "గాని సంగతి అడుగకుండ్రి సారు. తాగుతడు. తాగొచ్చి నాయిన మీద చెయ్యి జేసుకున్నడు. గందుకే ఎల్లగొట్టినం. మాకూ వానికీ ఏం సంబంధం లేదు" అన్నాను. గుమ్మి వెనక అన్న వింటున్నాడని తెలిసి మరింత ఉత్సాహంగా అన్నాను.

అదీ రాసుకున్నాడు. అమ్మ చేత వేలిముద్ర వేయించాడు. నా చేత సంతకం పెట్టించాడు. పోలీసు ముందు కాగితం చదివితే అనుమానపడతాడని నేను చదవకుండానే పెట్టాను. ఆయన ఫైలు మూసి, లేచి, వాకిలి దాకా పోయి, "ప్చ్" అన్నాడు. "గింత మంచి కొలువు. కరెంటు ఆఫీసుల గుమాస్తా. పిలగాడు అక్కరకొచ్చెటోడైతె మీ బతుకులు మారుతుండె. ఏం జేస్తం. నేను జూసొచ్చింది జూసొచ్చినట్టు రాయాలె గద."

అన్న ఆ పరీక్ష రాశాడని తెలుసు గానీ, ఎంపికైనట్టు కాగితం ఇంకా ఇంటికి రాలేదు. మా వంశంలో సర్కారు కొలువు చేసినవాడు లేడు. కొలువు ఇచ్చేముందు పోలీసు ఇంటికి వచ్చి విచారిస్తాడని మాకు ఎవరు చెప్పాలి? పోలీసు వచ్చాడంటే పట్టుకుపోవడానికే అని పుట్టినప్పటి నుంచీ చూస్తున్నాం. అమ్మ చేతిలో మిరపకాయ అట్లాగే ఉంది. లోపల ఏదో కూలిన చప్పుడైంది. తలనిండా, మీసాలనిండా పొట్టుతో అన్న బయటికి వచ్చి చేతులు కట్టుకుని, "సార్, నేనే సార్" అన్నాడు.

పెళ్ళిళ్ళలో కథ ఇక్కడ ఆగుతుంది.

జమేదారు కూడా నవ్వాడు. దగ్గు వచ్చేదాకా నవ్వాడు. నవ్వి నవ్వి, కళ్ళు తుడుచుకుని, "మరి ఎందుకు దాసుకున్నవ్ బిడ్డా?" అని అడిగాడు. అన్న మీసాల మీది పొట్టు దులుపుకున్నాడు. జమేదారు మొహంలో నవ్వు మెల్లగా పోవడం నేను చూశాను. ముసలివాడే అయినా పోలీసే కదా. మా అందరినీ ఒకసారి చూసి, "పట్టాల కాడికి పోయినవా?" అన్నాడు. "గీ కాయిదం నేను చింపరాదు. రేపు అందరు ఠాణాకు రాండ్రి. ఎస్సై సాబ్ ఉంటడు, ఆయనకు జెప్పుకోండ్రి" అని వెళ్ళిపోయాడు.

ఆ రోజు మా ఇంట్లో పొయ్యి వెలగలేదు. నాయిన చేలో నుంచి వచ్చి సంగతి విని గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు. అన్న నన్ను ఒక్క మాట అన్నాడు, "తాగుతనని జెప్తివా?" అని. అంతే. అత్తే జొన్న గటక చేసి తెచ్చి, అందరినీ తిట్టి తినిపించింది. మరుసటి రోజు కూలి మానుకుని మాతో పాటు ఆటో ఎక్కింది. "ఆడిదానికి ఇంకో ఆడిది తోడుంటె నోరు లేస్తది" అని అమ్మ పక్కన కూర్చుంది. ఠాణాలో మమ్మల్ని లోపలికి పిలిచి ఆమెను బయటే ఆపారు. మెట్ల మీద కూర్చుంది.

ఎస్సై మన దిక్కు మనిషే. మన మాటే మాట్లాడాడు. తెలంగాణ వస్తే మంచిదే అన్నాడు కూడా. ముందు అమ్మను నిలబెట్టి, "మీ మరాఠి కోడలి ముచ్చట జెప్పవ్వా, మావోళ్ళు గూడ ఇంటరు" అన్నాడు. అమ్మ తలొంచుకుంది. "జెప్పు. కోడలు నల్లగుంటదా, ఎర్రగుంటదా? మనుమని పేరేంది?" కానిస్టేబుళ్ళు చుట్టూ చేరారు. "జెప్పకపోతె నిన్నటి కాయిదమే పైకి పంపుత" అన్నాడు. మా అమ్మ చెప్పింది. నిలబడి, చేతులు జోడించి, లేని కోడలు ఎర్రగా ఉంటుందని చెప్పింది. లేని మనవడికి పేరు పెట్టింది. వాళ్ళు నవ్వారు. మళ్ళీ చెప్పమన్నారు, మళ్ళీ చెప్పింది. నాయిన నోట్లో నాలుక లేని మనిషి, బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు. ఇప్పుడు పెళ్ళిళ్ళలో అదే మాటలు చెప్పి అమ్మ ఎట్లా నవ్విస్తుందో నాకు అర్థం కాదు. అక్కడ అన్నిసార్లు చెప్పించారు కాబట్టే చెప్పగలుగుతోందేమో.

తర్వాత అందరినీ పంపేసి ఎస్సై తలుపు వేశాడు. మేం నలుగురం, ఆయన. గొంతు మామూలుగా మారింది. "సూడుండ్రి. మా కానిస్టేబులు తలకాయ పలిగింది. పైనుంచి దినాం ఫోన్లు. మరికొందరు, మరికొందరు అని ఎన్నొద్దులు రాయాలె? నాకు ఒక్క పేరు గావాలె. ఒక్కటే. జెప్తె కొత్త కాయిదం రాస్త, పిలగాడు బంగారమని రాస్త. లేకుంటె ఈనినే ఆరో పేరు రాస్త. కొలువు బాయె, కేసు మీద బడె."

నాయిన ఆయన కాళ్ళ మీద పడబోయాడు, ఎస్సై బూటు వెనక్కి లాక్కున్నాడు. అమ్మ గోడ వైపు చూస్తోంది. అప్పుడు అన్న నా వైపు చూశాడు. చెప్పొద్దని చూశాడో, చెప్పమని చూశాడో నాకు ఈనాటికీ తెలియదు. చెప్పొద్దని చూశాడనుకుంటే నాకు నిద్ర పట్టదు. అందుకే చెప్పమనే చూశాడని అనుకుంటూ వస్తున్నాను.

నేను చెప్పాను. బావ పేరు చెప్పాను.

ఎందుకు ఆ పేరే వచ్చిందని నన్ను నేను చాలాసార్లు అడిగాను. ఒంటరి ఆడదాని కొడుకు, వెనక అడిగేవాళ్ళు లేరు, మా ఇంటి మీదికి కత్తి పట్టుకుని ఎవరూ రారు అని లెక్క వేశానా? వరుస పేరుతో ఆటపట్టించినందుకు ఎక్కడో కోపం ఉందా? రాయి వేసినవాళ్ళ పేరు చెబితే వాళ్ళు అన్న పేరు తిరిగి చెబుతారు, వెయ్యనివాడైతే ఎవరి పేరూ చెప్పలేడు అని నా చదువుకున్న బుర్రకు తట్టిందా? ఇదే నిజమని నా అనుమానం. అప్పుడు నాకు పంతొమ్మిదేళ్ళు. అంత తెలివి ఎక్కడి నుంచి వచ్చిందో.

"ఇంటిపేరు?" అన్నాడు ఎస్సై. చెప్పాను. "తండ్రి పేరు?" లేడు సార్ అని, పేరు చెప్పాను. "యాడుంటడు?" "మా పక్కిల్లే సార్" అన్నాను. తలుపు అవతల, పది అడుగుల దూరంలో, మెట్ల మీద అతని తల్లి కూర్చుని ఉంది. ఎస్సై పాత కాగితం మా ముందే చింపి బుట్టలో వేశాడు. అన్న మంచివాడని, ఊళ్ళోనే ఉంటాడని, ఏ గొడవల్లో లేడని కొత్తది రాయించాడు.

బయటికి రాగానే అత్త లేచి నిలబడింది. "పనైందా బిడ్డా?" అంది. "అయింది అత్తా" అన్నాను. అమ్మ మొహం చూసి, తన కొంగుతో తుడిచి, "ఏడువకు వదినా, గండం గడిచింది గద" అంది. అమ్మ ఆమె భుజం మీద తల పెట్టి బస్టాండు దాకా ఏడ్చింది. ఇంటికి పోయాక మా నలుగురిలో ఎవరమూ ఆ గది గురించి మాట్లాడుకోలేదు.

నాలుగో రోజు మధ్యాహ్నం జీపు వచ్చింది. జీపు చప్పుడు వినగానే నా కాళ్ళు తమంతట తామే గోడ దగ్గరికి పరిగెత్తాయి. అత్త దండెం మీది బావ నిక్కరు, ప్యాంటు లాగి మా ఇంట్లోకి విసిరాను. అత్త వాకిట్లోనే నిలబడిపోతే నేనే ముందుకు పోయి, "భీవండి పోయిండు సారు" అన్నాను. వచ్చిన వాళ్ళలో ఆ ముసలి జమేదారు ఉన్నాడు. నన్ను తేరిపార చూశాడు. పేరు ఎవరు చెప్పారో ఠాణాలో ఆయనకు తెలియకుండా ఉండదు. ఒక్క మాట అంటే నా బతుకు అక్కడే తెల్లారిపోయేది. పక్కకు తిరిగి ఉమ్మి, బావ దాక్కున్న స్నానాలగది తడిక తోసుకుని లోపలికి పోయాడు.

బావను మూడు రోజులు ఠాణాలోనే ఉంచారు. రాయి ఎవరు వేశారో చెప్పమన్నారు. అతనికి తెలియదు, కాబట్టి చెప్పలేకపోయాడు, కాబట్టి ఇంకా కొట్టారు. ఎడమ చెవి పోయింది. తర్వాత జైలు, తర్వాత కోర్టు పేషీలు. చెవి లేనివాడిని, కేసు ఉన్నవాడిని మిలిటరీలో ఎవరు తీసుకుంటారు? అత్త ఠాణా చుట్టూ తిరిగిన ప్రతిసారీ తోడు పోయింది మా అమ్మే. "నీ రుణం ఎట్ల తీర్చుకోవాలె వదినా" అని అత్త మా అమ్మ చేతులు పట్టుకునేది. అమ్మ చేతులు పట్టుకోనిచ్చేది.

అన్నకు భూపాలపల్లి దిక్కు ఉద్యోగం వచ్చింది. రాష్ట్రం వచ్చింది. కేసులు ఎత్తేశారు, కానీ అప్పటికి బావకు వయసు దాటిపోయింది. ఇప్పుడు అక్కడే బొగ్గు టిప్పర్ నడుపుతాడు. ఆ పని ఇప్పించింది మా అన్నే. చెల్పూరు దగ్గర హోటల్లో అప్పుడప్పుడు ఇద్దరూ కలిసి ఛాయ్ తాగుతారట. అన్న అతనికి కుడివైపునే కూర్చుంటాడట, వినబడాలి కదా. వదిన ఈ మాట నాకు మెచ్చుకోలుగా చెప్పింది.

నిరుడు నేను ఊరికి పోయినప్పుడు అత్త నన్ను పిలిచింది. ఉద్యమంలో కేసులైన వాళ్ళను గుర్తిస్తారట, దరఖాస్తు పెట్టుకోమన్నారట. "నువ్వైతె మంచిగ రాస్తవ్ బిడ్డా" అని కాగితం, పెన్ను తెచ్చి ముందు పెట్టింది. ఆమె చెబుతుంటే రాశాను. పట్టాల మీద కూర్చున్నది రాశాను, చెవి సంగతి రాశాను, జైలు రాశాను. అంతా అయ్యాక ఆమె కాగితం మీద వేలు పెట్టి, "పోలీసోళ్ళకు పేరు ఎవలు జెప్పిన్రో గది గూడ రాయి" అంది.

"తెలువదు గద అత్తా" అన్నాను.

"తెలువదు. గని ఎవలో ఊరోళ్ళే జెప్పిన్రు. నా కొడుకు రాయి ముట్టనన్న ముట్టలె. గది ఒక్కటి తెలిస్తె సాలు, నేను సచ్చిపోయినా మంచిదే." చీర చెంగు నోట్లో కుక్కుకుని, తేరుకుని, రెండు చేతులతో మన్ను ఎత్తిపోసినట్టు గాలిలోకి విసిరి శపించింది. "జెప్పినోళ్ళ ఇల్లు గూలిపోను. వాళ్ళ కడుపున పుట్టినోళ్ళు చెవుడొచ్చి తిరుగను."

నాకు ఇద్దరు పిల్లలు. పెద్దవాడికి అప్పుడు ఏడేళ్ళు.

"ఊరికే కూసున్నవేంది బిడ్డా" అని అత్త నా మోకాలు తట్టింది. "నువ్వు గూడ అను. పక్కింటి పిల్లవు, నా బిడ్డసొంటిదానివి. నువ్వంటె తాకుతది."

గోడ అవతల మా అమ్మ ఉంది. ఈ గోడకు ఇవతల మాట్లాడితే అవతల ప్రతి మాటా వినబడుతుంది.

"జెప్పినోళ్ళ ఇల్లు గూలిపోను" అని నేను అన్నాను. అత్త సరిపోలేదన్నట్టు ఇంకా నా మొహంలోకి చూస్తూనే ఉంది. రెండోది కూడా అన్నాను.